పాత స్పోర్ట్స్ కారుకు ఎగ్జాస్ట్ మారుస్తున్నారా? ముందు ఆక్సిజన్ సెన్సార్ సంగతి తేల్చుకోండి

ఎగ్జాస్ట్ మార్చాలనుకునేవాళ్లు ఎక్కువగా చప్పుడుతో మొదలుపెడతారు. ముందు మఫ్లర్ (సైలెన్సర్) కొంటారు, దానికి తగ్గ పైపు చూస్తారు, తర్వాత హెడర్ (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం ఉండే మ్యానిఫోల్డ్). అన్నీ షెడ్డుకు చేరాక "అన్నా, ఈ సెన్సార్ యాడ పెట్టాలె?" అన్న ప్రశ్న వస్తుంది. అప్పటికి ఖాళీగా కనబడిన చోట రంధ్రం కొట్టి బిగించేస్తారు. కొన్నాళ్లకు మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులకు నల్లటి మసి పడుతుంది, ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్ ఊగుతుంది. నింద మాత్రం పెట్రోల్ మీదికో ఇంజెక్టర్ల మీదికో పోతుంది.

వరస తిరగేయండి. పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి, పెట్రోల్ ఎక్కువైందో తక్కువైందో ఈసీయూకు (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు) చెప్పేది ఈ సెన్సారే. మీ సెన్సార్ ఎన్ని వైర్లది, అది ఎక్కడ కూర్చుంటే వేడిగా ఉంటుంది, ఆ చోటికి నాలుగు సిలిండర్ల పొగా వస్తుందా అన్నవి ముందు తేలాలి. దాన్ని బట్టి మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట కలిపేది), తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే క్యాట్), ఆపైన పైపు. మఫ్లర్ ఆఖరున.

మీ బండి ఏ కోవలోది

మన వైపు ఈ ప్రశ్న వచ్చే కార్లు మూడు రకాలు. మొదటివి కార్బురేటర్ బండ్లు: కాంటెస్సా, పద్మిని, 118 ఎన్‌ఈ. వీటికి ఆక్సిజన్ సెన్సారే ఉండదు. రెండోవి 1990ల చివర, 2000ల మొదట్లో వచ్చిన ఇంజెక్షన్ పెట్రోల్ కార్లు: 106 హార్స్‌పవర్ హోండా సిటీ 1.5 వీటెక్, 100 హార్స్‌పవర్ పాలియో 1.6, ఐకాన్ 1.6, లాన్సర్, ఎస్టీమ్. బయటి దేశం నుంచి వచ్చిన తొలి తరం మజ్దా ఎంఎక్స్-5 లాంటివీ ఈ కోవలోకే వస్తాయి. మూడోవి క్యాట్‌కు ముందొకటి, వెనకొకటి సెన్సార్ ఉండి, స్కానర్ పెడితే లెక్కలు చూపించే బండ్లు. 150 హార్స్‌పవర్ ఆక్టావియా ఆర్‌ఎస్‌లాంటి టర్బో కార్లను ఈ వరసలో చూడాలి.

ఏ సెన్సార్ ఉందో తెలియాలంటే వైర్లు లెక్కపెట్టండి. ఒకటే ఉంటే హీటర్ లేని పాత రకం, ఎర్త్ బాడీ గుండా వెళ్తుంది. మూడుంటే రెండు హీటర్‌కు, ఒకటి సిగ్నల్‌కు. నాలుగుంటే సిగ్నల్‌కు విడిగా ఎర్త్ కూడా ఉంది. ఐదో ఆరో ఉంటే అది మిశ్రమాన్ని అంకెలో కొలిచే వైడ్‌బ్యాండ్, దాని స్థానంలో నాలుగు వైర్లది పెడితే ఈసీయూకు ఏమీ అర్థం కాదు.

రంగుల దగ్గర జాగ్రత్త. బాష్ సెన్సార్‌లో రెండు తెల్ల వైర్లు హీటర్‌వి, నలుపు సిగ్నల్, బూడిద రంగు ఎర్త్. డెన్సోలో రెండు నల్ల వైర్లు హీటర్‌వి, నీలం సిగ్నల్, తెలుపు ఎర్త్. నలుపుకు నలుపు కలిపి 12 వోల్టులను సిగ్నల్ వైరులోకి పంపితే కొత్త సెన్సార్ పోతుంది, కొన్నిసార్లు దాంతోపాటు ఈసీయూ కూడా. కొన్ని పాత నిస్సాన్ ఇంజన్లలో జిర్కోనియా బదులు టైటానియా సెన్సార్ ఉంటుంది. అది వోల్టేజీ పుట్టించదు, రెసిస్టెన్స్ మార్చుకుంటుంది. దానికి మామూలు యూనివర్సల్ సెన్సార్ పనికిరాదు.

ఒక వైరా, నాలుగు వైర్లా

మామూలు నారోబ్యాండ్ సెన్సార్ సుమారు 300 నుంచి 350 డిగ్రీలకు వేడెక్కితే తప్ప పనిచేయదు. వేడెక్కాక పొగలో ఆక్సిజన్ తక్కువైతే 0.9 వోల్టు దాకా, ఎక్కువైతే 0.1 వోల్టు దాకా చూపిస్తుంది. మధ్యలో 0.45 దగ్గర గీత ఉంటుంది. ఈసీయూ ఆ గీతకు అటూ ఇటూ ఊగుతూ పెట్రోల్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మిశ్రమం ఎంత రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉందో, ఎంత లీన్‌గా (పెట్రోల్ తక్కువగా) ఉందో ఈ సెన్సార్ చెప్పలేదు. ఏ పక్కన ఉందో మాత్రం చెబుతుంది.

ఒక వైరు సెన్సార్‌ను కంపెనీ మ్యానిఫోల్డ్ గొంతులోనే పెట్టడానికి కారణం ఈ వేడే. కాస్ట్ ఐరన్ మ్యానిఫోల్డ్ తీసి పొడుగు గొట్టాల హెడర్ వేస్తే సెన్సార్ అర మీటరు కిందికి జారుతుంది. హైవే మీద ఆ తేడా తెలియదు. హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే మాత్రం సెన్సార్ చల్లబడి మూగబోతుంది. ఈసీయూ దాన్ని పక్కనపెట్టి ఓపెన్ లూప్‌లోకి వెళ్లి, ఎందుకైనా మంచిదని పెట్రోల్ కాస్త ఎక్కువే పోస్తుంది. ఊళ్లో తిరిగితే మైలేజీ సగం, హైదరాబాద్ పోయొస్తే బాగానే ఉంది అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

కాబట్టి సెన్సార్ పాత చోటులోనే ఉంటే అదే ఒక వైరు రకం కొత్తది వేసి ఊరుకోండి. చోటు కిందికి మారుతుంటే మాత్రం హీటర్ ఉన్న నాలుగు వైర్లది పెట్టాల్సిందే. పాత సిగ్నల్ వైరుకు కొత్త సిగ్నల్ వైరు కలపండి. సెన్సార్ ఎర్త్‌ను ఇంజన్ బ్లాక్ మీద శుభ్రంగా గీకిన చోట బిగించండి. హీటర్‌కు విడిగా రిలే, 10 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. ఆ రిలేకు ట్రిగ్గర్ ఫ్యూయల్ పంప్ సర్క్యూట్ నుంచి తీసుకుంటే ఇంజన్ తిరుగుతున్నప్పుడే హీటర్ వేడెక్కుతుంది. తాళం ఆన్‌లో వదిలి పాటలు వింటే బ్యాటరీ దిగదు, పైపులో చెమ్మ ఉండగా పింగాణీ వేడెక్కి పగలదు.

మూడు వైర్లదైనా పని నడుస్తుంది. కానీ దాని సిగ్నల్ ఎర్త్ పైపు గుండా వెళ్లాలి. కొత్త ఎగ్జాస్ట్‌లో గ్యాస్కెట్లు, ఫ్లెక్స్ పైపు, రబ్బరు హ్యాంగర్లు వచ్చాక ఆ దారి నమ్మకంగా ఉండదు. ఖరీదులో పెద్ద తేడా లేనప్పుడు నాలుగు వైర్లదే మేలు.

వైర్లు అతికేటప్పుడు టంకం పెట్టకండి. చాలా సెన్సార్లు లోపలికి కావలసిన బయటి గాలిని ఆ వైరు తీగల మధ్య సందుల్లోంచే పీల్చుకుంటాయి. టంకం ఆ సందును మూసేస్తుంది, రీడింగ్ మెల్లగా తప్పుతుంది. మంచి క్రింప్ స్లీవ్ వేసి నొక్కండి, కనెక్టర్‌లో గ్రీజు పూయకండి. మీ కారు ప్లగ్‌తోనే వచ్చే సెన్సార్ దొరికితే ఈ గొడవే లేదు, రెండు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా పోయి వెతికినా పాత మోడల్‌కు ప్లగ్ దొరకని సందర్భాల్లోనే యూనివర్సల్. బాష్, డెన్సో, ఎన్‌టీకే పేర్లతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. సెన్సార్‌కు పానా పట్టే షట్కోణం మీద నంబర్ చెక్కినట్టు ఉండాలి, స్టిక్కర్‌లా కాదు. బిల్లు ఇవ్వని చోట కొనకండి.

సెన్సార్ నిజంగా పోయిందా

హీటర్ లేని సెన్సార్ సుమారు 50 నుంచి 80 వేల కిలోమీటర్లు, హీటర్ ఉన్నది లక్షన్నర దాకా వస్తాయి. అయితే కొత్తది కొనే ముందు మల్టీమీటర్‌తో పది నిమిషాల పని ఉంది. ఇంజన్‌ను బాగా వేడెక్కించి 2,500 ఆర్‌పీఎంలో రెండు మూడు నిమిషాలు పట్టి ఉంచండి. కనెక్టర్ తీయకుండా వెనకనుంచి సిగ్నల్ వైరుకు పిన్ తగిలించి చూడండి. పది సెకన్లలో కనీసం ఎనిమిదిసార్లు 0.45 గీత దాటాలి. ఒక వ్యాక్యూమ్ గొట్టం పీకితే వోల్టేజీ 0.2 కిందికి పడాలి. ఇన్‌టేక్‌లో కొంచెం కార్బ్ క్లీనర్ కొడితే 0.8 పైకి లేవాలి. లేచినా మెల్లగా, బద్ధకంగా లేస్తే సెన్సార్ ముసలిదైంది. ముల్లు మీటర్ వాడకండి, అది సిగ్నల్‌నే తినేస్తుంది, డిజిటల్‌దే కావాలి. హీటర్ వైర్ల మధ్య చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓమ్‌లు చూపాలి. అనంతం చూపిస్తే లోపల తీగ తెగినట్టే.

సెన్సార్ బాగుండి కూడా ఎప్పుడూ లీన్ అని చూపిస్తుంటే ముందు మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ చూడండి. సెన్సార్‌కు పైన చిన్న లీకున్నా ప్రతి ఎగ్జాస్ట్ పల్స్ వెనక పుట్టే ఖాళీ బయటి గాలిని లోపలికి లాగుతుంది. సెన్సార్ ఆ ఆక్సిజన్ చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. ఒక సిలిండర్‌లో మిస్‌ఫైర్ ఉన్నా ఇదే జరుగుతుంది, మండని గాలి అలాగే పొగలోకి వస్తుంది కాబట్టి. లీకు పట్టడానికి సులువైన దారి: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వ్యాక్యూమ్ క్లీనర్‌ను ఊదే వైపు పెట్టి టెయిల్ పైపులోకి గాలి పంపండి, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగలు ఎక్కడొస్తే అక్కడే లీకు.

సెన్సార్‌ను చంపేవి మరికొన్ని: ఎసిటిక్ వాసనొచ్చే మామూలు సిలికాన్ సీలెంట్, ఇంజన్‌లోకి దిగే కూలెంట్, రింగులు అరిగి కాలే ఆయిల్. మాంగనీస్ ఉన్న ఆక్టేన్ బూస్టర్లు వాడితే చివర్న ఎర్రటి పొర కడుతుంది. సీసం పెట్రోల్ 2000 నుంచి దేశమంతా ఆగిపోయింది కాబట్టి ఆ భయం ఇప్పుడు లేదు.

వైడ్‌బ్యాండ్ ఎవరికి

వైడ్‌బ్యాండ్ మిశ్రమం ఎంతో అంకెలో చెబుతుంది. ఖరీదు మామూలు సెన్సార్‌కు చాలా రెట్లు, గేజ్‌తో కలిపి. అయినా కార్బురేటర్ బండికి హెడర్, ఫ్రీ ఫ్లో (పొగకు అడ్డు తక్కువున్న ఎగ్జాస్ట్) వేస్తున్నవాళ్లకు దీనికి బదులు లేదు. ప్లగ్ రంగు చూసి జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే రంధ్రం) సైజు తేల్చే పద్ధతి ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో అంత నమ్మదగింది కాదు, ఇన్సులేటర్ మీద రంగు సరిగా పడదు.

ఈ20 విషయం ఇక్కడ వివరంగా చెప్పాలి. మామూలు పెట్రోల్‌కు ఆదర్శ గాలి–ఇంధన నిష్పత్తి 14.7. 20 శాతం ఇథనాల్ కలిస్తే అది సుమారు 13.5కు దిగుతుంది. అంటే ఒకప్పటి పెట్రోల్‌కు ట్యూన్ చేసిన కార్బురేటర్ ఇప్పుడు ఏడెనిమిది శాతం లీన్‌గా నడుస్తుంది. పైన ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ వేస్తే ఇంకా లీన్. ఎండాకాలం ములుగు రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో ఇలా నడిస్తే ఎగ్జాస్ట్ వాల్వులు కాలతాయి, నాకింగ్ వస్తుంది. జెట్ విస్తీర్ణం ఎనిమిది శాతం పెరగాలంటే వ్యాసం నాలుగు శాతం పెరిగితే చాలు: 115 మెయిన్ జెట్ ఉన్నచోట 120 దగ్గర మొదలుపెట్టి గేజ్ చూస్తూ సరిచేసుకోవాలి. గేజ్‌ను నిష్పత్తిలో కాకుండా ల్యామ్డాలో చూడండి. ల్యామ్డా 1.00 అంటే ఏ పెట్రోల్‌కైనా ఆదర్శ మిశ్రమమే, ఈ10, ఈ20 గందరగోళం ఉండదు. సాధారణ క్రూజింగ్‌కు 0.98 నుంచి 1.02, ఫుల్ థ్రాటిల్‌కు 0.86 నుంచి 0.88 మంచి గురి.

సెన్సార్లలో బాష్ ఎల్‌ఎస్‌యూ 4.2, ఎల్‌ఎస్‌యూ 4.9 రెండూ గేజ్‌లతో వస్తాయి. కొత్తగా కొంటే 4.9. పాత దాన్ని అప్పుడప్పుడూ బయటి గాలిలో పెట్టి క్యాలిబ్రేట్ చేయాలి, 4.9కు ఆ అవసరం లేదు. కంట్రోలర్ ఏ సెన్సార్‌కు చేసిందో దానికే పనిచేస్తుంది, ఒకటి బదులు ఇంకొకటి పెట్టలేరు.

ఇంజెక్షన్ బండికి వైడ్‌బ్యాండ్ పెట్టేవాళ్లు కంపెనీ సెన్సార్ తీసేసి గేజ్ నుంచి నకిలీ నారోబ్యాండ్ సిగ్నల్ ఈసీయూకు పంపడం చూస్తుంటాం. చాలా కంట్రోలర్లలో ఆ సౌకర్యం ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ రోజూ తిరిగే కారుకు అది సలహా ఇవ్వలేం. దారిలో కంట్రోలర్ ఫ్యూజ్ పోతే ఇంజన్ మొత్తం గుడ్డిదవుతుంది. పైపు మీద రెండో బంగ్ (సెన్సార్ బిగించే మర ఉన్న కడియం) వెల్డ్ చేయించి, పాతది పాత చోట ఉంచి, వైడ్‌బ్యాండ్‌ను విడిగా పెట్టండి. ట్యూనింగ్ అయిపోయాక వైడ్‌బ్యాండ్ తీసేసి ఆ రంధ్రానికి ప్లగ్ బోల్టు వేయండి. కరెంటు ఇవ్వకుండా దాన్ని పైపులో ఊరికే వదిలేస్తే మసి పట్టి చచ్చిపోతుంది.

ఎక్కడ బిగించాలి, ఏ మ్యానిఫోల్డ్

సెన్సార్ బంగ్ మర 18 మి.మీ., పిచ్ 1.5. పైపు పైభాగంలో, గడియారంలో పదికీ రెండుకీ మధ్య ఉండాలి. మొన కిందికి వంగి, అడ్డంగా ఉన్న గీతకు కనీసం 10 డిగ్రీల వాలు ఉండాలి. పైపు అడుగున పెడితే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వచ్చే నీళ్లు కాలే పింగాణీ మీద పడి దాన్ని పగలగొడతాయి. జూన్‌లో వానలు మొదలయ్యాక సెన్సార్లు ఎక్కువ పోవడానికి ఇదొక కారణం.

నాలుగు సిలిండర్ల పొగ కలిసిన తర్వాతే సెన్సార్ ఉండాలి. ఒక గొట్టంలో పెడితే ఆ ఒక్క సిలిండర్ మాట విని ఈసీయూ మిగతా మూడింటికీ పెట్రోల్ పోస్తుంది. 4-2-1 హెడర్‌లో (నాలుగు గొట్టాలు రెండై, ఆ రెండూ ఒకటయ్యేది) రెండో కలయికకు పైన పెడితే రెండు సిలిండర్లే కనబడతాయి. రెండు హెడర్లలో ఎంపిక చెప్పాలంటే, నాలుగూ ఒకేచోట కలిసే 4-1 పై ఆర్‌పీఎంలో, 4-2-1 మధ్య ఆర్‌పీఎంలో గుంజుతుంది. వరంగల్ ట్రాఫిక్‌లో, ఊరూరా స్పీడ్ బ్రేకర్లున్న రోడ్ల మీద 4-2-1నే తీసుకోండి. ఇంకా చెప్పాలంటే, వంద హార్స్‌పవర్ బండికి కంపెనీ మ్యానిఫోల్డ్ ఉంచి క్యాట్ వెనక మాత్రమే మార్చుకోవడం చాలామందికి సరిపోతుంది. సెన్సార్ కదలదు, వైరింగ్ కదలదు, క్యాట్ త్వరగా వేడెక్కుతుంది. హెడర్‌తో వచ్చే లాభం ఈసీయూ ట్యూనింగ్ చేయకపోతే అంతంత మాత్రమే.

వైడ్‌బ్యాండ్ మామూలు ఇంజన్‌కు ఎగ్జాస్ట్ పోర్ట్ నుంచి 60–90 సెం.మీ. దూరంలో, టర్బో ఉంటే టర్బో దాటాక కనీసం 60 సెం.మీ. తర్వాత, ఎప్పుడూ క్యాట్‌కు ముందు. టెయిల్ పైపు చివరకు దగ్గరగా పెడితే ఐడ్లింగ్‌లో బయటి గాలి వెనక్కి వచ్చి లీన్ అని చూపిస్తుంది.

హెడర్ చుట్టూ గుడ్డ పట్టీ చుట్టించుకునేవాళ్లు గుర్తుంచుకోండి, మైల్డ్ స్టీల్ హెడర్‌కు అది తడిని పట్టి ఉంచి లోపలనుంచే తుప్పు తెస్తుంది. సిరామిక్ పూత మేలు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఒకే పక్కనున్న కార్బురేటర్ ఇంజన్లలో అయితే హెడర్‌కూ కార్బురేటర్‌కూ మధ్య రేకు కవచం తప్పనిసరి. ఏప్రిల్, మేలో లేకపోతే పెట్రోల్ ఆవిరై బండి రోడ్డు మధ్యలో ఆగుతుంది.

క్యాట్ ఉంచాలా, తీయాలా

ఉంచండి. "క్యాట్ పీకేస్తే బండి మస్తు గుంజుతది" అనే మాట బాగున్న క్యాట్ విషయంలో దాదాపు అబద్ధం. మూసుకుపోయిన క్యాట్ తీస్తే తేడా కనబడుతుంది, కానీ దానికి విరుగుడు కొత్త క్యాట్. తీసేస్తే పొల్యూషన్ టెస్ట్ దగ్గర దొరికిపోతారు. బీఎస్-2, బీఎస్-3 పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్ 750 పీపీఎం దాటకూడదు. బీఎస్-4కు 0.3 శాతం, 200 పీపీఎం. బీఎస్-2కు ముందటి బండ్లకు 3 శాతం, 1,500 పీపీఎం దాకా ఉంది. వెనక సెన్సార్‌కు ఎక్స్‌టెండర్ (దాన్ని పొగ దారికి దూరంగా జరిపే గొట్టం ముక్క) పెట్టి చెక్ లైట్ ఆర్పడం స్కానర్‌ను మోసం చేస్తుంది కానీ పొగ పరీక్ష యంత్రాన్ని కాదు.

మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్చడాన్ని ఒప్పుకోదు. 190(2) కింద శబ్ద, వాయు కాలుష్య నిబంధనలు మీరితే రూ. 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలల పాటు లైసెన్స్‌కు అనర్హత ఉండొచ్చు. 15 ఏళ్లు దాటిన కారుకు రీ-రిజిస్ట్రేషన్ తనిఖీ కూడా ఉంటుంది కాబట్టి కంపెనీ మఫ్లర్‌ను, మ్యానిఫోల్డ్‌ను పారేయకండి.

కొత్త క్యాట్ ఎంచుకోవాలంటే: రోజువారీ బండికి 400 సెల్ (చదరపు అంగుళానికి అన్ని సన్న రంధ్రాలు) సిరామిక్. 200 సెల్ లోహపు క్యాట్ కాస్త ధారాళంగా ఉంటుంది, కానీ చవక రకాల్లో పూత పలుచన, పొగ పరీక్షలో గట్టెక్కడం కష్టం. పాత క్యాట్ కరిగి ఉంటే కొత్తది వేసే ముందు కారణం వెతకండి. మిస్‌ఫైర్‌తో మండని పెట్రోల్ క్యాట్‌లోకి వెళ్లి అక్కడ మండితే సిరామిక్ మైనంలా కరుగుతుంది. ప్లగ్గు, కాయిల్ మార్చకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. ఇంకో మాట: "పాతది మాకిస్తే ఫిట్టింగ్ ఫ్రీ" అంటే ఒప్పుకోకండి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, ఫిట్టింగ్ కూలీ కంటే దాని తుక్కు ధరే ఎక్కువ కావచ్చు.

పైపు: ఎంత లావు, ఏ లోహం

లావు పైపు వేస్తే పవర్ పెరుగుతుందన్న నమ్మకం ఎంత గట్టిదంటే, 100 హార్స్‌పవర్ బండికి రెండున్నర అంగుళాల పైపు వేసినవాళ్లూ ఉన్నారు. ట్యూనర్లు వాడే లెక్క ఇది: ఒక హార్స్‌పవర్‌కు నిమిషానికి 2.2 ఘనపు అడుగుల ప్రవాహం, పైపు లోపలి వైశాల్యం చదరపు అంగుళానికి 115 ఘనపు అడుగులు. 1.5 మి.మీ. గోడ ఉన్న పైపుకు లెక్కవేస్తే 44.5 మి.మీ. పైపు 109 హార్స్‌పవర్ దాకా, 50.8 మి.మీ. 145 దాకా, 57 మి.మీ. 185 దాకా, 63.5 మి.మీ. 230 దాకా మోస్తుంది. సిటీ వీటెక్, పాలియోలకు 50.8 చాలు, దానికి మించితే కింది ఆర్‌పీఎంలో గ్యాస్ వేగం పడిపోయి, హీటర్ లేని సెన్సార్ ఇంకా చల్లబడుతుంది. ఆక్టావియా ఆర్‌ఎస్‌కు 57 సరిపోతుంది, ట్యూన్ చేయించాలనుకుంటే 63.5.

ఎస్‌ఎస్ పైపు కొనేటప్పుడు మన దగ్గర పెద్ద మోసం 202 గ్రేడ్. గేట్లు, రెయిలింగ్‌లు చేసే షాపుల్లో ఎక్కువగా ఉండేది అదే. అయస్కాంతం పెట్టి 304ను తేల్చుకోలేరు, 202కు కూడా అయస్కాంతం అంటుకోదు. పైగా కార్ల కంపెనీలు వాడే 409 స్టీల్‌కు అంటుకుంటుంది, అది మంచి లోహం. 304 అని చెప్పిన పైపును ఎస్‌ఎస్ టెస్టింగ్ లిక్విడ్ చుక్కతో పరీక్షించి, రంగు చూసి కొనండి. 202 అతుకుల దగ్గర త్వరగా తుప్పు పడుతుంది.

304కు ఉన్న ఒకే ఇబ్బంది వ్యాకోచం. మూడు మీటర్ల మైల్డ్ స్టీల్ పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 11 మి.మీ. సాగితే, 304 పైపు సుమారు 15.5 మి.మీ. సాగుతుంది. ఫ్లెక్స్ పైపు లేకుండా గట్టిగా బిగిస్తే ఆ ఒత్తిడి మ్యానిఫోల్డ్ స్టడ్‌ల మీద పడి అవి తెగుతాయి. ఎస్‌ఎస్ వేస్తే ఫ్లెక్స్ పైపు వేయించండి, హ్యాంగర్‌లు రబ్బరువే వాడండి. పైపు ఎక్కడా ఇంజన్ సంప్ కంటే కిందికి దిగకూడదు. ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు ఫ్లాంజ్ బోల్టులను కోసేస్తాయి.

వంపులు ఇసుక పోసి కాల్చి వంచినప్పుడు పని సరిగా కుదరకపోతే ముడతలు పడి లోపలి వ్యాసం తగ్గుతుంది. మాండ్రెల్ వంపులు (లోపల ఆధారం పెట్టి వ్యాసం తగ్గకుండా వంచినవి) 45, 90 డిగ్రీల ముక్కలుగా రెడీమేడ్ తెచ్చి ఆర్గాన్ వెల్డింగ్‌తో అతికించడమే మంచి దారి.

మఫ్లర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. స్ట్రెయిట్-త్రూ రకం తీసుకుంటే దాని ముందు రెజొనేటర్ (మోతను తగ్గించే చిన్న డబ్బా) తప్పకుండా ఉండాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ 2,500 ఆర్‌పీఎంలో సెకనుకు 83 పేలుళ్లు చేస్తుంది, క్యాబిన్‌లో చెవులు మూసుకుపోయే ఆ మోత హైవే స్పీడులోనే వస్తుంది. లోపలి గాజు ఉన్ని పొట్టి పోగులదైతే కాలక్రమంలో ఊడి బయటికి కొట్టుకుపోయి చప్పుడు పెరుగుతుంది. పొడుగు పోగులదో, బసాల్ట్‌దో అడిగి తీసుకోండి.

వెల్డింగ్ రోజు, ఆ తర్వాత

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగెటివ్, ఈసీయూ కనెక్టర్ రెండూ తీసేయండి. సెన్సార్లన్నీ విప్పి పక్కన పెట్టండి. బంగ్ అతికేటప్పుడు దాని మరలోకి పాత సెన్సార్‌నో ప్లగ్ బోల్టునో బిగించి ఉంచితే వేడికి మర వంకర పోదు. సెన్సార్‌ను 22 మి.మీ. పానాతో 40–50 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించండి. మరకు నికెల్ యాంటీ-సీజ్ పలుచగా పూయండి, మొనకు అంటకూడదు. కొత్త సెన్సార్లకు చాలావాటికి కంపెనీ ముందే పూసి పంపుతుంది, మళ్లీ పూయనక్కరలేదు.

అన్నీ బిగించాక వ్యాక్యూమ్ క్లీనర్ పరీక్ష మళ్లీ చేయండి. స్కానర్ పనిచేసే బండైతే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) ప్లస్, మైనస్ పది శాతం లోపల ఉందో చూడండి. ఈ20 పోస్తే ప్లస్ వైపు కొద్దిగా వాలడం మామూలే. పది దాటితే ముందు లీకు, తర్వాత ఫ్యూయల్ ప్రెషర్, ఆ తర్వాతే సెన్సార్. స్కానర్ అందని పాత బండికి పైన చెప్పిన మల్టీమీటర్ పరీక్షే దారి. సుమారు 500 కిలోమీటర్లు నడిచాక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ నట్లు, ఫ్లాంజ్ బోల్టులు మరోసారి బిగించండి, వేడికి కొత్త గ్యాస్కెట్ అణిగి అవి వదులవుతాయి. ఆ బిగింపు అయ్యాకే పొల్యూషన్ టెస్ట్‌కు వెళ్లండి. ఇంజన్‌ను పది కిలోమీటర్లు నడిపి వేడి మీదే తీసుకెళ్లండి, చల్లటి క్యాట్ బాగున్నదైనా ఫెయిల్ చూపిస్తుంది.